పరిశీలనలో పాత డీజిలు కారు

నీటి సరఫరా ఆఫీసు హెడ్ గుమాస్తాకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆఫీసులో ఎవరూ దాన్ని వాడరు. వెనకాల అందరూ ఆయన్ని 'పరిశీలన' అంటారు. ఎవరు ఏ కాగితం తెచ్చినా "పరిశీలనలో ఉందండీ" అని పంపించెయ్యడం ఆయనకి ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆఫీసు అలవాటు ఆఫీసులోనే వదిలేసి వస్తే ఎవరికీ గొడవ లేదు. ఈయన దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి కూడా తెచ్చేవాడు. గోడకి రంగు వెయ్యాలన్నా ఫైలే, ఫ్రిజ్ కొనాలన్నా ఫైలే. ఫ్రిజ్ ఫైలు మూడు వేసవులు నడిచింది. ఆ మూడు వేసవులూ ఆ ఇంట్లో పాలు విరిగిపోతూనే ఉన్నాయి.

ఆ గురువారం పొద్దున అనుకున్న పని మాత్రం చాలా చిన్నది. నాలుగు వీధుల అవతల రిటైరైన పళ్ళ డాక్టరొకాయన తన పాత డీజిలు సెడాను అమ్ముతున్నాడు. తెల్లది, పద్నాలుగేళ్ళ వయసు. సాయంత్రం అయిదింటికి భార్యాభర్తలిద్దరూ వెళ్ళి కొంటారో కొనరో చెప్పెయ్యాలి, అంతే. మెకానిక్కు చూసి బాగుందన్నాడు. భార్య రెండుసార్లు నడిపి చూసి బాగుందంది. హెడ్ గుమాస్తా ఇంతవరకు ఆ కారు మొహం చూడలేదు గానీ, దాని మీద పదిహేడు పేజీలు రాశాడు.

తొందర భార్యది. ఆవిడ పంతులమ్మ. పదకొండేళ్ళు ఎదురుచూశాక హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషన్ వచ్చింది, అదీ నలభై కిలోమీటర్ల అవతల ఉన్న బడికి. పొద్దున అటు పోయే బస్సు ఒక్కటే, అది చేరేసరికి బడి గంట కొట్టి అరగంట అవుతుంది. సోమవారం ఉదయం తొమ్మిదింటికల్లా అక్కడ సంతకం పెట్టకపోతే ఆ కుర్చీ జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఆ తర్వాతి మనిషి అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, "కారు కొన్నారా టీచర్‌గారూ?" అని ఎంతో ప్రేమగా వాకబు చేసింది.

"ఏమండీ, ఇంకా ఆలోచించడానికి ఇందులో ఏముంది?" అంది భార్య, టీ గ్లాసు బల్ల మీద టక్కున పెడుతూ.

"ఏమీ లేదు. పెట్రోలా డీజిలా అన్న పాయింటు మీద ఒక్క పేరా మిగిలింది," అన్నాడాయన గులాబీ అట్ట ఫైలు తిరగేస్తూ. చివరి పేజీలో "పై విషయమై తగు ఆదేశముల నిమిత్తం సమర్పించడమైనది" అని రాసి సంతకం పెట్టాడు. ఆదేశాలివ్వవలసింది భార్య. ఆవిడ వెంటనే పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతో దాని కింద అడ్డంగా 'కొనండి' అని రాసి పారేసింది.

"కొనండి అంటే చాలదే. కారణాలు రాయాలి."

"కారణం నేనే. రాసుకోండి."

లోపలి గదిలోంచి ఆయన తల్లి గొంతు వినిపించింది. "ఒరేయ్, నీ పెళ్ళికి కూడా ఓ ఫైలు పెట్టుంటే ఈ పిల్ల బతికిపోయుండేదిరా!"

"సాయంత్రం అయిదింటికి తేల్చేస్తాను. ఒట్టు," అని ఆయన ఫైలు సంచిలో పడేసుకుని స్కూటరెక్కాడు. మిగిలిన పేరా ఆఫీసులో తీరిగ్గా రాసుకోవచ్చని ఆయన ఉద్దేశం.

పదిన్నరకి పేరా మొదలుపెట్టి, సగంలో ఆపి, టీకి వెళ్ళాడు. కొంప మునిగింది అక్కడే. సంతకం పడ్డ ఫైలు బల్ల మీద కనబడితే పై సెక్షనుకి మోసెయ్యడం అటెండరు పని. పరిశీలన గారి బల్ల మీద సంతకమైన ఫైలు కనబడటం ఏడాదికి ఏ రెండుసార్లో జరిగే వింత. మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని అటెండరు దాన్ని ఒక్క పరుగున స్టోర్స్ సెక్షనులో పడేశాడు.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ ఆఫీసులో గుమాస్తాల నుంచి ఇంజనీర్ల దాకా అందరూ నీలం సిరాతోనే రాస్తారు. ఎర్ర సిరా పెద్దసారు ఒక్కరిది. ఆయన గది బయట ఎర్ర పెన్ను జేబులో పెట్టుకోవడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలదు. స్టోర్స్ వాళ్ళు చివరి పేజీ తిప్పేసరికి ఎర్రగా, అడ్డంగా, అక్షరమక్షరం కోపంగా 'కొనండి' అని ఉంది. కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు.

అంతే! ఆర్నెల్లకి ఒక మెట్టు దిగే ఫైలు అరగంటలో మూడు సెక్షన్లు తిరిగింది. స్టోర్స్ వాళ్ళు "ఒకే వాహనం గురించి రాశారు, పోల్చి చూడటానికి మరి రెండింటి ధరలేవి?" అని కొర్రీ వేసి, నోటులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి డాక్టరుగారినే ఆ రెండు ధరలూ చెప్పమన్నారు. సిబ్బంది సెక్షను వాళ్ళు కొత్త డ్రైవరు పోస్టుకి ప్రతిపాదన తయారుచేసి, ఆ డ్రైవరు సెలవు పెడితే ఎవరు నడపాలో కూడా రాశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది వరస. ఇంజనీరింగ్ వాళ్ళు అందరికంటే ముందుకెళ్ళి, ఇద్దరు గొట్టాల ఫిట్టర్లని డాక్టరుగారింటికి పంపించారు. వాళ్ళకి తెలిసిన పరీక్ష ఒక్కటే. కారు నిండా నీళ్ళు కొట్టి, కింద దూరి చూసి, 'లీకేజీ లేదు' అని సర్టిఫికెట్టు రాసిచ్చారు.

టీ తాగి వచ్చిన హెడ్ గుమాస్తాకి బల్ల ఖాళీగా కనిపించింది.

"ఇక్కడ గులాబీ ఫైలుండాలి, ఏదయ్యా?"

"పైకి పంపించేశాను సార్. సంతకం పెట్టేశారుగా!"

"ఓరి నాయనో! అది మా ఇంటి ఫైలయ్యా!"

"ఇంటి ఫైలుకి కూడా సంతకమా సార్?" అన్నాడు అటెండరు. అతనికి నిజంగానే ఆశ్చర్యమేసింది.

ఆఫీసు కాగితం మీద, ఆఫీసు వేళలో, సొంత కారుకి నోటు రాసుకున్నానని చెబితే ఉద్యోగానికే ఎసరు. హెడ్ గుమాస్తా ఆ ముక్క మింగేసి, "చిన్న సవరణ ఉంది, ఇలా ఇవ్వండి" అంటూ మెట్లెక్కాడు. స్టోర్స్‌లో, "పెద్దసారే కొనమన్నాక నువ్వు సవరించేదేమిటయ్యా?" అని కసిరారు. సిబ్బంది సెక్షనుకి వెళ్ళేసరికి ఫైలు ఇంజనీరింగ్‌కి వెళ్ళింది. ఇంజనీరింగ్‌కి వెళ్ళేసరికి పెద్దసారు గదిలోకి వెళ్ళింది. ఆ తలుపు ముందు ఆయన కాళ్ళు ఆగిపోయాయి. మధ్యలో జేబులో ఫోన్ ఒకటే మోత. భార్య. ఫైలు సంగతి ఎలాగో తెలిసిపోయి తిట్టడానికే చేస్తోందని ఆయనకి గట్టి నమ్మకం. నాలుగుసార్లు ఎత్తలేదు. అయిదోసారి మోగకుండా నొక్కేసి జేబులో అడుక్కి తోసేశాడు.

సాయంత్రం నాలుగున్నరకి పెద్దసారు పిలిచాడు. ఎర్ర 'కొనండి' వంక చాలాసేపు చూశాడాయన. అది తను ఎప్పుడు రాశాడో ఆయనకి గుర్తు రావడం లేదు. గుర్తు లేదని గుమాస్తా ముందు ఒప్పుకోవడం ఆయనకి చేతకాదు.

"నోటు బ్రహ్మాండంగా రాశావయ్యా. డీజిలు మీద పేరా సగంలో ఆపావేం? సరేలే, పద, నేను... కొనమన్న కారు ఓసారి చూసొద్దాం."

పెద్దసారు జీపులో, వెనకే ఈయన స్కూటరు మీద, అయిదింటికి డాక్టరుగారి గేటు ముందు దిగారు. ముంగిట్లో కారు లేదు. కారంత మేర తడి మాత్రం ఉంది.

డాక్టరు గేటు తెరవకుండానే అందుకున్నాడు. "మీరూ కారు కోసమేనా? పొద్దుట్నుంచి మీరు తొమ్మిదో వాళ్ళు! ఒకడు మూడు కార్ల ధరలు చెప్పమంటాడు. నాకున్నదే ఒకటి కదయ్యా! ఇంకొకడు కారుతోపాటు డ్రైవర్ని కూడా ఇస్తారా అంటాడు. ఇద్దరొచ్చి కారుకి తలంటి పోశారు. నలభై ఏళ్ళు అందరి పళ్ళూ పీకాను, నా ప్రాణం ఇలా ఎవడూ పీకలేదు. మధ్యాహ్నమే అమ్మేశాను, పొండి!"

"ఎ... ఎవరికండీ?" అన్నాడు హెడ్ గుమాస్తా.

"ముందొచ్చి డబ్బిచ్చిన వాళ్ళకి!" అని ఆయన లోపలికెళ్ళి ధడేల్మని తలుపేసుకున్నాడు.

"పీడా పోయింది. ఫైలు మూసెయ్యి," అని పెద్దసారు హాయిగా జీపెక్కి వెళ్ళిపోయాడు.

హెడ్ గుమాస్తా ఆ తడి పక్కనే స్కూటరు పట్టుకుని నిలబడ్డాడు. భార్య సోమవారానికని కొత్త చెప్పులు కొనుక్కుని, పెట్టె మూత కూడా తియ్యకుండా బీరువాలో దాచుకుంది. నిన్న రాత్రి అద్దం ముందు నిలబడి "పిల్లలూ, నేను మీ కొత్త హెడ్‌మిస్ట్రెస్‌ని" అని మెల్లిగా అనుకోవడం ఆయన చూశాడు. చూసి, డీజిలు పేరా గురించి ఆలోచిస్తూ నిద్రపోయాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆవిడ అడిగిన ప్రతిదానికీ ఓ ఫైలు పెట్టాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్ళాలి? ఆయనకి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. సరాసరి వీధి మొగలోని మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు.

"డాక్టరుగారి కారు పోయిందయ్యా. ఇంకోటేదైనా ఉందా?"

"ఉంది సార్! అదే కంపెనీ, అదే తెలుపు, అదే డీజిలు. కాకపోతే ఎడమ పక్క వెనక తలుపు బయట్నుంచి తెరుచుకోదు."

"లోపల్నుంచి?"

"లోపలికి ఎవరూ వెళ్ళలేదు సార్, తెలీదు. మీరు తీరిగ్గా ఆలోచించుకుని ఓ నెలా రెండు నెలల్లో..."

"ఆలోచనా లేదు, గీలోచనా లేదు. ఇప్పుడే తీసుకుంటాను."

మెకానిక్కు చేతిలో రెంచి జారిపడింది. "ఒంట్లో బాగానే ఉందా సార్? ఇంట్లో అమ్మగార్ని ఒక్కమాట అడగరా?"

"అడక్కూడదు! నేనే తేల్చాలి!" అని అరిచి, హెడ్ గుమాస్తా స్కూటరు తాళాలు అతని చేతిలో పెట్టి, మిగతాదానికి చెక్కు రాసిచ్చాడు. కారు నడపడానికి మాత్రం ఆ ఊపులో పనికిరాడని మెకానిక్కే నడిపాడు. పనివాడొకడు స్కూటరు మీద వెనకొచ్చాడు.

ఇంటి ముందుకొచ్చేసరికి అక్కడ తెల్ల సెడాను ఒకటి నిలబడి ఉంది. ముందు సీట్లో హెడ్ గుమాస్తా తల్లి కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. భార్య గుడ్డతో అద్దం తుడుస్తోంది.

"ఇది డాక్టరుగారిది కదా సార్!" అన్నాడు మెకానిక్కు బ్రేకు తొక్కి.

భార్య గుడ్డ పట్టుకునే ఎదురొచ్చింది. "పన్నెండింటికి డాక్టరుగారు ఫోన్ చేశారు. ఎవరెవరో ఆయన్ని చంపుకు తింటున్నారట. 'అమ్మా, గంటలో వచ్చి తీసుకుపో, లేకపోతే దీన్ని బావిలో తోసేస్తాను' అన్నారు. మీకు తొమ్మిదిసార్లు చేశాను. ఎత్తారా?"

"తిడతావేమోనని..."

"తిట్టడానికి టైమెక్కడిది? బ్యాంకుకెళ్ళి నేను దాచుకున్న డబ్బు తీసుకెళ్ళి కొనేశాను." అప్పుడు ఆవిడ ఆయన వెనక్కి చూసింది. "ఏమిటది?"

"కారు."

"ఎవరిది?"

"మనదే."

భార్య ఆ కారునీ, ఈ కారునీ, మళ్ళీ ఆ కారునీ చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియక మెట్ల మీద కూలబడింది. "పద్దెనిమిదేళ్ళలో ఒక్క పని వెంటనే చేశారు. అది ఇవ్వాళే చెయ్యాలా అండీ?"

"ఫైలు పెట్టకుండా చేశాడే!" అంది తల్లి, కారులోంచి దిగకుండానే. "ముందు వాణ్ణి ఎవరైనా డాక్టరుకి చూపించండర్రా!"

"స్కూటరేదండీ?" అని భార్య అడిగేసరికి మెకానిక్కూ, పనివాడూ దాని మీద వీధి మలుపు తిరిగిపోయారు.

సోమవారం ఆవిడ డాక్టరుగారి కారులో వెళ్ళి, ఎనిమిదీ నలభైకి కొత్త చెప్పులతో బడి మెట్లెక్కి సంతకం పెట్టింది. తర్వాతి మనిషి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక మొగుడితో, "మీరు తెచ్చింది ఈ ఆదివారంలోగా అమ్మెయ్యండి. వీధికి అడ్డంగా ఉంది," అంది.

"నిజమే," అన్నాడు హెడ్ గుమాస్తా. "కానీ రెండింట్లో ఇంజను దేనిది బాగుందో ముందు చూడాలి కదా?" అంటూ బీరువాలోంచి కొత్త అట్ట ఒకటి తీశాడు.

అది జరిగి ఏడు నెలలైంది. ఏ కారు అమ్మాలన్న విషయం ప్రస్తుతం పరిశీలనలో ఉంది.