ఖంగుమన్న గ్యారేజీ

ఆదివారం ఉదయం భార్య చెల్లెలింటికి బయలుదేరగానే పని మొదలుపెట్టి, ఆమె తిరిగొచ్చేలోగా గ్యారేజీ నేలంతా పలకలు పరిచేయాలని ఖంగు మాస్టారు పథకం వేసుకున్నారు. పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో ఆయన తనిఖీదారు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నది ఒకటే పని: కప్పును వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినడం. ఖంగుమంటే మంచి కప్పు, బొద్దుమంటే బీటువారిన కప్పు. ఆ పేరు ఆయనకు అలాగే వచ్చింది. పుచ్చకాయ దగ్గర్నుంచి బీరువా దాకా ఆయన తట్టి చూడకుండా ఆ ఇంటి గడప దాటిన వస్తువు లేదు.

గ్యారేజీ మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే, అదే ఆయన భార్యకు రికార్డింగు స్టూడియో. ఆమె ఆడియో పుస్తకాలకు గొంతు ఇవ్వాలని నాలుగేళ్ళుగా ప్రయత్నిస్తోంది. తలుపులు బిగించుకుని కారులో కూర్చుంటే చీమ చిటుక్కుమన్నా వినపడదు. పీడల్లా నేల మీది సిమెంటు దుమ్ముతోనే. మధ్యలో దగ్గు వినిపిస్తోందని ఇప్పటికి రెండు సంస్థలు ఆమెను కాదన్నాయి. మూడో సంస్థ ఒక దెయ్యం కథలోంచి ఏడు నిమిషాలు చదివి ఆ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటలోపు పంపమంది. నచ్చితే పన్నెండు పుస్తకాలు.

"ఈసారి కూడా పోతే ఇక నోరు మూసుకుని కూర్చుంటానండీ" అందామె.

ఆమె నోరు మూసుకుని కూర్చోవడం ఎన్నడూ చూసినవారు కాదు గనుక మాస్టారికి నిజంగానే భయం వేసింది.

ముందురోజు సాయంత్రమే ఆయన నేల పలకల దుకాణానికి వెళ్ళారు. ఒకదాని కొక్కెం ఇంకోదాని కన్నంలో ఇరికించుకుంటూ పోతే చాలు, జిగురుతో పని లేదు. రకాలు రెండు: రబ్బరువి, గట్టి ప్లాస్టిక్‌వి.

"కార్ పెట్టేచోట రెండూ ఆగుతాయండీ. కాకపోతే ప్లాస్టిక్‌ది నడిస్తే చప్పుడు చేస్తుంది. కింద ఫోమ్ షీట్ వేసుకోవాలి" అన్నాడు దుకాణదారు.

మాస్టారు రబ్బరు పలకను తట్టారు. బొద్దుమంది. ప్లాస్టిక్ పలకను తట్టారు. ఖంగుమంది.

"ఆ రబ్బరుది ఎక్కడో పగిలింది. చూసుకోండి" అన్నారు మాస్టారు జాలిగా.

"పగల్లేదండీ, అది మెత్తటిది."

"ఇరవై రెండేళ్ళ అనుభవం నాది. ఆ ఖంగుమనేవే కట్టండి. ఫోమ్ షీట్ వద్దు, వాటి గొంతు నొక్కేస్తుంది."

పదకొండింటికల్లా నేల తళతళలాడింది. అటూ ఇటూ నడిచి, టకటకా మోగుతున్న ప్రతి పలకనూ విని మాస్టారు పొంగిపోయారు. అంతలో భార్య వచ్చి కారు లోపలికి నడిపింది. వంద టైపు మిషన్లు ఒక్కసారి మొదలైనట్టయింది.

"ఏమిటండీ ఇది!"

"దుమ్ము లేదు, చూడు! ఒక్క రేణువు కనిపిస్తే నన్నడుగు."

"దుమ్ము లేదు సరే, ఈ మోతేమిటి? ఇక్కడ నేను రికార్డు చేసుకోవాలా, గుర్రపుబండి తోలాలా?"

మాస్టారు పాత పేపర్ల కట్ట తెచ్చి, ఒక్కో పలకా లేపి కింద మడతలు కుక్కసాగారు. ఒకటి అణిగితే పక్కది లేచింది. దాన్ని అణిచేసరికి దాని అవతలిది కొక్కెం ఊడి ఎగిరింది. ఆయన కారు వెనక మూల మోకాళ్ళ మీద ఉండగా, ఆయన్ను గమనించని భార్య ఇక లాభం లేదని షట్టర్ దించి, కారెక్కి, ఫోన్‌లో రికార్డింగు మొదలుపెట్టేసింది. బయటికి పోవాలంటే పద్నాలుగు పలకలు తొక్కాలి. మాస్టారు అక్కడే బిగుసుకుపోయారు.

అయిదు నిమిషాలు ఓర్చుకున్నారు. ఆరో నిమిషానికి కాలు తిమ్మిరెక్కింది. కాస్త జరిగారు. టక్. తూలి ఇంకో అడుగు వేశారు. టక్. కారులో గాలాడక అద్దం దించుకున్న భార్య సరిగ్గా అప్పుడే కథలో కీలకఘట్టానికి వచ్చి గొంతెత్తింది: "తలుపు తీయండి! ఎవరైనా రండి! వాడు దగ్గరికొచ్చేస్తున్నాడు!"

టక్. టక్. టక్.

ఎదురింటి రిటైర్డ్ ఫైర్ ఆఫీసర్ అప్పుడు మొక్కలకు నీళ్ళు పడుతున్నారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన కాపాడింది ఒకే ఒక్క పిల్లిని, అదీ ఆయన చెయ్యి రక్కి పోయింది. ఆ కేక చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది.

"భయపడకమ్మా! నేనున్నా!" అంటూ పైపుతో సహా రోడ్డు దాటి షట్టర్ ఎత్తేశారు. చీకట్లో కారు పక్కన ఎవడో వంగి కుంటుతున్నాడు. పైపు మొన నొక్కిపట్టి వాడి మొహం మీదికి ధార వదిలారు.

"నేనండీ! నేను!" అని అరిచారు మాస్టారు, నోట్లోకి నీళ్ళు పోతుండగా.

"నువ్వెవడివైతే నాకేంట్రా! ఆమెను వదులు!"

పేపర్లు ఉబ్బాయి. పలకలు కొక్కేలు విప్పుకుని నీళ్ళ మీద తేలుతూ ఒకటొకటిగా వీధిలోకి బయలుదేరాయి. భార్య కారు దిగింది.

తర్వాత పదకొండు నిమిషాలు ఆమె మాట్లాడింది. ఫైర్ ఆఫీసర్‌తో మొదలుపెట్టి, దుకాణదారును తాకి, ఫ్యాక్టరీని కలుపుకుని, మాస్టారి దగ్గర స్థిరపడింది. "చెవులతో బతికే మనిషికి పెళ్ళాం మాట తప్ప అన్నీ వినబడతాయి! నన్ను కూడా ఓసారి తట్టి చూసుకోవాల్సింది, ఎక్కడ పగిలానో తెలిసేది!" మాస్టారు తడిసిన పిల్లిలా నిలబడ్డారు. ఫైర్ ఆఫీసర్ పైపు చుట్టుకుంటూ జారుకున్నారు.

గడియారం చూస్తే ఒంటిగంటకు ఎనిమిది నిమిషాలుంది. "మళ్ళీ చదివే టైమెక్కడిది? కేక దాకా ఉంచి, మిగతాది కోసేసి పంపండి" అంటూ ఆమె కూలబడింది. మాస్టారు తడి వేళ్ళతో ఫోన్ మీద కుస్తీపట్టి, ఆఖరి నిమిషంలో పంపించేశారు. పంపాక చూసుకుంటే ఏమీ కోయలేదు. మొదటి నుంచి, ఆపడం మరిచిన ఫోన్‌లో పడిన తిట్ల చివరిదాకా మొత్తం వెళ్ళిపోయింది.

ఆ మాట చెప్పాక ఆమె పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. అన్నంత పనీ చేసి నోరు మూసుకుందేమోనని మాస్టారు హడలిపోయారు.

"నీ దగ్గు పోవాలనే చేశానే."

"తెలుసండీ. అందుకే ఏడుపొస్తోంది."

నాలుగింటికి ఫోన్ మోగింది. సంస్థ నిర్వాహకురాలు.

"మేడమ్, నిజం చెప్తున్నా, మీ దెయ్యం కథకి నాకు కునుకు పట్టింది. ఆ తర్వాత పదకొండు నిమిషాలకి మాత్రం ఆఫీసంతా లేచి నిలబడ్డాం. ఏ తప్పూ చేయకుండానే నేను సారీ చెప్పాను! గయ్యాళి మహారాణి కథలని మా దగ్గరో సిరీస్ ఉంది. పన్నెండు పుస్తకాలూ మీవే. ఒకటే షరతు, ప్రతి అధ్యాయంలో అదే కోపం కావాలి. నటిస్తే తెలిసిపోతుంది."

మర్నాడు రబ్బరు పలకల పెట్టెలు మోసుకుంటూ వచ్చిన మాస్టారిని ఆమె గేటు దగ్గరే ఆపింది. "ఇవి పరిస్తే నాకు కోపం ఎలా వస్తుందండీ? వెళ్ళి ఇచ్చేసి రండి."

పన్నెండు పుస్తకాలకు కలిపి మూడు వందల అరవై అధ్యాయాలున్నాయి. రోజుకో కొత్త తప్పు తట్టక, మాస్టారు ఈమధ్య భార్యనే సలహా అడుగుతున్నారు.