అత్తారింటికి గుర్రం

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు నడిచిన దానికన్నా నిలబడిందే ఎక్కువ. అందుకని కాదు గానీ, గురజాలలో ఉండే వీరయ్య ఆ పొద్దున గుర్రమెక్కి అత్తగారి ఊరు దాచేపల్లి వెళ్ళాలనుకున్నాడు. పెళ్ళికి అతను ఎడ్లబండిలో వచ్చాడని భార్య అంజమ్మకు ఎప్పుడూ చిన్నతనంగానే ఉండేది. ఒకనాడు మాటా మాటా పెరిగి, "గుర్రమెక్కొచ్చి పిలువు, అప్పుడొస్తా" అని పుట్టింటికి పోయింది. రెండు నెలలైంది. వీరయ్య రోజూ రెండు కంచాలు కడిగి, ఒకదాంట్లో తిని, రెండోది బోర్లించి పెట్టేవాడు.

పెళ్ళిళ్ళకు గుర్రాన్ని అద్దెకిచ్చే అబ్దుల్ గఫార్ అంతకుముందు మూడు రోజులు నోటిపాఠం చెప్పాడు.

"ఎనకమాల నిలబడమాక అల్లుడా, తంతది. ఎక్కేముందు జీను పట్టీ ఇంకోసారి బిగించు. రాళ్ళదోవలో కళ్ళెం వదులుగా పట్టు. నీళ్ళు ముందు దానికి, చద్ది తరవాత నీకు."

"ఇంకేమన్నా ఉందా మామా?"

"అంతే. దేవుడి మీద భారం ఎయ్యి."

వీరయ్య అన్నీ చేసి ఎక్కాడు. గుర్రం కదల్లేదు. బెల్లం పెడితే తిన్నది గానీ కదల్లేదు.

"డప్పేదీ?" అన్నాడు గఫార్. "డప్పు లేకుండా అది ఏనాడూ అడుగెయ్యలా."

"ముందే చెప్పొచ్చుగా!"

"ఏ పెళ్ళికొడుకూ అడగలా మరి."

డప్పుల ప్రభుదాసును పిలిపించారు. దరువు పడగానే గుర్రం తల ఎగరేసి నడిచింది. దరువు ఆగితే ఆగింది. దారిలో ఊరూరా ఆడవాళ్ళు బయటికొచ్చి, పెళ్ళికూతురెవరని అడిగారు. ఒక ముసలమ్మ వద్దన్నా వినకుండా బంతిపూల దండ వేయించింది. వీరయ్య రెండో పెళ్ళికి వస్తున్నాడన్న కబురు గుర్రం కన్నా ముందే దాచేపల్లి చేరింది.

అత్తగారు రామాయమ్మ తలుపు వేయబోయింది. అంజమ్మ తల్లిని పక్కకు నెట్టి, చీపురుతో వీధిలోకి వచ్చింది. ప్రభుదాసు చేతులు ఆగిపోయాయి. గుర్రం సరిగ్గా ఆమె ముందే నిలబడింది.

"ఎవతయ్యా అది?"

"నువ్వేనే! గుర్రమెక్కి రమ్మంటివి గదా."

"కోపంలో అన్నాను గదయ్యా! నడిచొచ్చి పిలిచినా వచ్చేదాన్ని. రెండు నెలల్నించి ముద్ద దిగక ఆ దోవకేసే చూస్తన్నా."

చీపురు జారిపోయింది. గఫార్ ఎక్కడమే గానీ దిగడం నేర్పలేదేమో, వీరయ్య కూడా జారి ఆమె కాళ్ళ దగ్గరే పడ్డాడు.

తిరుగు ప్రయాణానికి అంజమ్మను గుర్రమెక్కించారు. ప్రభుదాసు ఎంత వాయించినా అది కదలనంది. పెళ్ళింటి గడప చేరాక మూడు రోజుల పెళ్ళి అయ్యేదాకా అడుగు వేసే అలవాటు దానికి లేదు. చేసేది లేక దాన్ని అక్కడే వదిలి, ఇద్దరూ ఐదు కోసుల దారీ పక్కపక్కనే నడిచారు. గురజాల ఇంకాస్త దూరంగా ఉంటే బాగుండుననుకున్నాడు వీరయ్య.

ఆ మూడు రోజులూ అల్లుడి మర్యాదలు గుర్రం చేయించుకుంది.