ఇసుక గుట్ట మీద ఉస్తాదు

ఆ శుక్రవారం ఉదయం ఇస్తారి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒమాన్‌లోని ఖబూరా బజారులో ఉన్న ఖమరుద్దీన్ స్టూడియోలో ఒక ఫొటో దిగాలి. దాన్ని ఊళ్లో ఉన్న భార్య శాంతవ్వకు పంపాలి. ఊరు చూసి మూడేళ్లు దాటింది. సెలవు కోసం పెట్టుకున్న కాగితం అర్బాబు బల్ల మీద ఏడు నెలలుగా దుమ్ము తింటోంది. అర్బాబు అంటే యజమాని. ఈయన పేరు హమూద్, ఊరి చివర సిమెంటు బ్లాకుల ఫ్యాక్టరీ ఉంది. మనిషికి సెలవు లేకపోయినా ఫొటోకు అడ్డేముంది అనుకున్నాడు ఇస్తారి.

ఖమరుద్దీన్ కడప మనిషి. అతని దగ్గర తాజ్‌మహల్ పరదా, ఎర్రకారు పరదా ఎప్పటినుంచో ఉన్నాయి. మంచు కొండల పరదా మాత్రం ఆ వారమే వచ్చింది. సామాన్లన్నీ అమ్మేసి దేశం వెళ్లిపోయిన ఒక తెల్ల ఇంజనీరు దగ్గర, పరదాకు జతగా, రెండు పొడుగాటి చెక్కలు కూడా కొన్నాడు. వాటి ముందుకొసలు పైకి వంపు తిరిగి ఉన్నాయి.

“ఇవేంది భాయ్? సెంట్రింగ్ పలకలా?” అన్నాడు ఇస్తారి.

“కాదప్పా. కాళ్లకు కట్టుకోని మంచు మీద జారేవి. నువ్వు ఊరికే పట్టుకోని నిలబడు. నవ్వు. ఇంటిదానికి పంపే ఫొటోలో మొహం అట్ల పెడితే ఎట్లప్పా?”

ఇస్తారి నవ్వాడు. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయన్న సంగతి దిగినవాడికీ తట్టలేదు, తీసినవాడికీ తట్టలేదు. ఫొటో ఎంత బాగా వచ్చిందంటే, ఖమరుద్దీన్ ఎవరినీ అడక్కుండానే దాన్ని పెద్దది చేయించి షాపు అద్దంలో పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత పాస్‌పోర్టు ఫొటోలకని అర్బాబు హమూద్ అదే షాపుకు వచ్చాడు.

మర్నాడు ఇస్తారిని ఆఫీసు గదిలోకి పిలిచారు. బల్ల మీద సెలవు కాగితం కనబడింది. దాని పక్కనే ఆ పెద్ద ఫొటో ఉంది. అర్బాబు వేలు చెక్కల మీద ఆగింది.

“ఇస్తారీ, యే కామ్ ఆతా?” అన్నాడు. ఈ పని వచ్చా అని.

ఇక్కడ ఇస్తారి పని పద్ధతి గురించి కొంచెం చెప్పుకోవాలి. ‘ఆతా?’ అని అడిగితే ‘ఆతా’ అనాలి. ఎనిమిదేళ్ల గల్ఫ్ బతుకులో అతను నేర్చుకున్న మొదటి పాఠం అది. బొంబాయి ఇంటర్వ్యూలో తాపీ పని ఆతా అంటే, అంతవరకు మక్కచేనుకు కావలి తప్ప ఏమీ తెలియని ఇస్తారి ఆతా అన్నాడు. ఇక్కడికొచ్చాక టైల్స్ ఆతా అంటే ఆతా, పైపులు ఆతా అంటే ఆతా. నేర్చుకోవడం తర్వాత సంగతి. అది అబద్ధమని ఎన్నడూ అనుకోలేదు. నిజానికి, అన్న ప్రతి పనీ చివరికి నేర్చుకున్నాడు కూడా.

“ఆతా అర్బాబ్,” అన్నాడు, అలవాటు కొద్దీ.

అర్బాబు మొహం వెలిగిపోయింది. పదేళ్ల కూతురు సఫియాకు మంచు చూపిస్తానని మాటిచ్చాడట. జనవరిలో చలికాలం సెలవులకు మనాలి కొండల మీద ఒక హోటలుకు పోతున్నారట. అక్కడ అందరి ముందూ బోర్లా పడి నవ్వులపాలు కావడం ఆయనకు ఇష్టం లేదు. అందుకని ముందే నేర్చుకోవాలి. చెప్పులతో మంచులో నిలబడి నవ్వుతున్నాడంటే వీడు మామూలు ఉస్తాదు కాడని ఫొటో చూడగానే తేల్చేసుకున్నాడు. “నేర్పితే ఇది,” అంటూ సెలవు కాగితాన్ని వేలితో తట్టాడు. ఇస్తారి నిజం చెప్పడం మానుకుని తలూపాడు.

ఇంతలో సెలవు నుంచి తిరిగొచ్చిన మనిషి ఒకరు శాంతవ్వ మాట్లాడి పంపిన క్యాసెట్ తెచ్చిచ్చారు.

“ఏమయ్యా, నీ ఫొటో చూసిన. ఎడారంటివి, ఎండంటివి, గా మంచేంది? గా చెక్కలు మోసుడా నీ పని? అంత మంచుల ఉత్త చెప్పుల మీద నిలబెట్టిండ్రా నిన్ను? నవ్వినవ్ గని, నీ నవ్వు నాకు తెల్వదా? ఒక్కసారి వచ్చిపో. సుమలతను నాయిన ఏడే అంటే టేప్‌రికార్డర్ దిక్కు చూపెడుతున్నది.”

ఇస్తారి ఆ క్యాసెట్ మూడుసార్లు విన్నాడు. ధైర్యం చెప్పాలని పంపిన ఫొటో ఆమెను ఏడిపించింది. నాలుగేళ్ల కూతురికి తండ్రి అంటే ఒక పెట్టె. ఇక ఏమైనా సరే, ఆ కాగితం మీద సంతకం పడాల్సిందే అనుకున్నాడు. ఖమరుద్దీన్‌ను బతిమాలి చెక్కలు అడిగి తెచ్చుకున్నాడు.

ఫ్యాక్టరీ వెనక రెండు నిలువుల ఎత్తు ఇసుక గుట్ట ఉంది. మొదటి రోజు చెక్కలు దాని మీద అంగుళం కూడా కదల్లేదు. ఇస్తారి తాపీ బుద్ధి పనిచేసింది. గుట్ట మీద ప్లాస్టిక్ షీటు పరిచి, సెంట్రింగ్ పలకలకు రాసే నూనె పూశాడు. ఇప్పుడు జారుతోంది. ఎలా ఆపాలన్నది మాత్రం అతనికి తెలియదు. అందుకని తనకు తెలిసిన ఒక్కటే విద్య నేర్పాడు. గోడ కట్టేటప్పుడు నిలబడే సారువ మీదనుంచి పడేటప్పుడు మేస్త్రీలు ఎలా పడాలో అలా పడటం. చేతులు ఆనించకూడదు, తల లోపలికి పెట్టుకోవాలి, పక్కకు దొర్లాలి.

“పడుడు మొదలు,” అనేవాడు గంభీరంగా, వచ్చీరాని హిందీలో. “జారుడు తర్వాత.”

మూడు వారాలు గడిచాయి గానీ ఆ ‘తర్వాత’ రానేలేదు. తండ్రీకూతుళ్లు రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వచ్చి, వంతులవారీగా పడి, దులుపుకుని వెళ్లేవారు. ఒకనాడు నూనె కాస్త ఎక్కువైంది. అర్బాబు గుట్ట దిగి, షీటు దాటి, ఆ పొద్దునే పోసి ఆరబెట్టిన రెండు వందల బ్లాకుల మధ్య నుంచి వెళ్లిపోయాడు. ఇస్తారి కళ్లు మూసుకున్నాడు. సెలవే కాదు, ఉద్యోగం కూడా పోయిందనుకున్నాడు. తెరిచి చూసేసరికి అర్బాబు పచ్చి సిమెంటు లోంచి లేచి, ఒళ్లంతా తడుముకుంటున్నాడు. ఒక్క గీత కూడా పడలేదు.

“పక్కకు దొర్లాను!” అన్నాడు ఆయన గర్వంగా. “చూశావా ఉస్తాద్?”

ఆ సాయంత్రమే కాగితం మీద సంతకం పడింది. “ఇండియా! యల్లా, పద!” అంటూ టికెట్టు చేతిలో పెట్టాడు అర్బాబు. ఇస్తారి పరుగున వెళ్లి దుప్పటి, నైలెక్స్ చీర, కళ్లు మూసి తెరిచే బొమ్మ కొన్నాడు. వస్తున్నానని క్యాసెట్ పంపాడు. తీరా మస్కట్ విమానాశ్రయానికి వెళ్తే, అదే వరుసలో అర్బాబు, సఫియా, వాళ్లమ్మ నిలబడి ఉన్నారు. ఖమరుద్దీన్ చెక్కలు కూడా ఉన్నాయి. ఉస్తాదు లేకుండా కొండకెలా పోతామని అడిగాడు అర్బాబు. ఇండియా అన్నాడు గానీ ఇల్లు అని ఆయన ఎన్నడూ అనలేదు. బొంబాయిలో దిగి ఢిల్లీ మీదుగా మనాలి కారు ఎక్కిన ఇస్తారికి, దేశమంతా వచ్చింది గానీ ఊరు మాత్రం రాలేదు.

మనాలిలో మంచు నిజంగానే ఉంది. అర్బాబు కొనిచ్చిన కోటు, బూట్లతో ఇస్తారి బిగుసుకుపోయి నిలబడితే అక్కడి ఫొటోగ్రాఫరు ఒక ఫొటో తీశాడు. తర్వాత అక్కడి శిక్షకుడు వచ్చి అందరినీ జారమన్నాడు. అందరూ పడ్డారు. ఒకాయన మణికట్టు వాచింది, ఒకావిడ మోకాలు బెణికింది. అర్బాబు, సఫియా మాత్రం మల్లెపూలు రాలినట్టు పడి లేచారు.

“ఇంత బాగా పడటం ఎవరు నేర్పారు మీకు?” అన్నాడు శిక్షకుడు.

అర్బాబు ఇస్తారిని ముందుకు తోశాడు. శిక్షకుడు గౌరవంగా చెక్కలు అందించి, పైనున్న ఏటవాలు చూపించాడు. “ఉస్తాద్‌జీ, ఆతా?”

ఇస్తారి పైకి చూశాడు, కిందికి చూశాడు. అన్న ప్రతి ఆతా తనను ఇంటికి ఇంకొంచెం దూరం చేస్తూనే వచ్చింది. ఈ ఆతా అంటే ఇక లోయే. శాంతవ్వకు ఫొటో మిగులుతుంది, పిల్లకు టేప్‌రికార్డర్ మిగులుతుంది. అతనికి భయం కన్నా దుఃఖం ఎక్కువగా వచ్చింది.

“నహీ ఆతా,” అన్నాడు. ఎనిమిదేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

అర్బాబు మొహంలో నవ్వు ఆగిపోయింది. “మరి ఫొటో?”

“స్టూడియోల పరదా అర్బాబ్.”

“చెప్పులు?”

“మర్చిపోయిన.”

ముందుగా సఫియా పకపకా నవ్వింది. అర్బాబు నవ్వలేదు. “మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?” అన్నాడు నెమ్మదిగా.

“రాదంటే సెలవు రాదనుకున్న. మా బిడ్డకు నా మొకం యాదికి లేదు.”

అర్బాబు కూతురి వైపు చూశాడు. ఏడు నెలలు తన బల్ల మీదే పడి ఉన్న కాగితం గుర్తొచ్చిందేమో, కళ్లు దించుకున్నాడు. “నేర్పేవాడు ఇక్కడ ఉన్నాడు. రానివాడితో నాకేం పని?” అన్నాడు చివరికి. “యల్లా, ఘర్ జావ్. రెండు నెలలు.”

నాలుగో రోజు పొద్దున ఇస్తారి పెద్దపల్లి స్టేషన్లో దిగాడు. శాంతవ్వ మొహం కన్నా ముందు అతని పాదాలు చూసింది. పది వేళ్లూ ఉన్నాయని లెక్కబెట్టుకున్నాకే ఏడ్చింది. సుమలత రెండు రోజులు టేప్‌రికార్డర్ వెనక దాక్కుని, మూడో రోజు అతని ఒళ్లోకి వచ్చి, ఎక్కడ నొక్కితే మాట్లాడతాడో వెతికింది.

వారం తర్వాత పక్కింటి గురవయ్య పలకరించడానికి వచ్చాడు. గోడకు ఫ్రేము కట్టించి పెట్టిన చెప్పుల ఫొటో చూసి, “ఏం ఇస్తారీ, గీ మంచుల జారుడు నీకు వస్తదా?” అని అడిగాడు.

ఇస్తారి నోరు తెరిచేలోపే శాంతవ్వ అందుకుంది. “రాకేంది బాపూ? అర్బాబుకే నేర్పిండు.”

గురవయ్య బల్ల మీదున్న మనాలి ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. అందులో కోటు, బూట్లు, బిగుసుకుపోయిన మొహం.

“అది పక్కకు పెట్టు బాపూ,” అంది శాంతవ్వ. “అది ఎక్కడనో స్టూడియోల దిగిండు.”