ముప్ఫై సెకన్ల ఫిర్యాదు

వీధి దీపం వెలగకపోవడాన్ని మించిన వరం ఈ కాలంలో మరొకటి లేదు. నవ్వకండి! పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను.

మా ఇంటి ముందు స్తంభానికున్న దీపం ఆరిపోయి ఎనిమిది నెలలయింది. మొదటి నెల నేనూ మీలాగే అజ్ఞానంతో విసుక్కున్నాను. రెండో నెల తిట్టుకున్నాను. మూడో నెలలో లైట్ పెయింటింగ్ అనే కళ పరిచయమైంది. అప్పటినుంచి ఆ స్తంభం కనబడితే దణ్ణం పెట్టబుద్ధేస్తోంది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఒక కెమెరా, అది కదలకుండా ఉండటానికి ఒక స్టాండు, ఒక టార్చిలైటు. సరంజామా ఇంతే. చీకట్లో కెమెరా షట్టర్ని ముప్ఫై సెకన్లపాటు తెరిచి ఉంచాలి. ఆలోపు మీరు దాని ఎదురుగా నిలబడి, టార్చితో గాలిలో ఏం గీస్తే అది ఫొటోలో వెలుగు గీతగా పడుతుంది. కదిలే మనిషి మాత్రం పడడు. ఫొటోలో పొట్ట కనబడుతుందని బెంగపడే నాలాంటివాడికి ఇంతకంటే ఏం కావాలి?

దీనికి అసలు ముడిసరుకు చీకటి. దాని కోసం కొందరు కార్లేసుకుని ఊళ్లు దాటి పోతారట! నాకా ఖర్మ పట్టలేదు. సాయంత్రం ఏడింటికి తలుపు తీస్తే చాలు, గుమ్మం దాకా చీకటి సరఫరా. అంతా మా వీధి దీపాల ఆఫీసువారి చలవ.

మా వీధి మలుపులో ఒక గుంత కూడా ఉంది. ఎప్పుడో పైపు కోసం తవ్వి వదిలేశారు. పగలు అది వట్టి గుంత. చీకటి పడ్డాక అదీ కళాసేవలో దిగుతుంది.

మా అక్క ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి, చేతిలో చిన్న టార్చితో ఏడున్నరకి ఆ మలుపు తిరిగి ఇంటికొస్తుంది. ఒకరోజు ఆమె వచ్చే వేళకి మేడమీద కెమెరా పెట్టి షట్టర్ తెరిచాను. ఎంత చక్కటి గీత పడిందో! వీధి చివరినుంచి సన్నగా ఊగుతూ వచ్చి, మలుపు దగ్గర ఒక్కసారిగా కిందికి వంపు తిరిగి, సున్నాలా చుట్టుకుని ఆగిపోయింది. మా ఫొటోగ్రాఫర్ల గ్రూపులో పెడితే పొగడ్తలే పొగడ్తలు. “ఆ వంపులో ఎంత భావం ఉందండీ!” అన్నారొకాయన.

ఆ వంపు మా అక్క గుంతలో పడటం. గుంతలో పడింది గానీ ఫొటోలో పడలేదు. భావం మాత్రం మడమ దగ్గర మొదలై మోకాలి దాకా వాచింది.

షట్టర్ మూసుకునేదాకా ఆగి, ఆ తర్వాతే కిందికి పరిగెత్తానని అక్క ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. ఇంకా తొమ్మిది సెకన్లే మిగిలాయండీ, మధ్యలో ఎలా వదిలేస్తాం?

“ఒరేయ్, నా సెలవు ఇంక పది రోజులే ఉంది. తర్వాత మళ్లీ ఆ దారినే రావాలి. ఆలోపు ఆ లైటు సంగతి నువ్వు చూస్తావా, నీ కెమెరా సంగతి నన్ను చూడమంటావా?” అంది అక్క, కట్టు కట్టిన కాలు పీటమీద పెట్టుకుని.

“నాలుగుసార్లు ఫిర్యాదు రాశానక్కా!”

“కాగితం మీద రాస్తే ఎవడు చూస్తాడురా?”

నిజమే కదా! వెలుగుతోనే రాస్తే?

మన అక్షరాలు ఈ కళ కోసమే పుట్టినట్టుంటాయి, అన్నీ గుండ్రాలే. చిక్కల్లా ఒకటే. అద్దంలో కనబడినట్టు కుడినుంచి ఎడమకి తిరగేసి రాయాలి. నాలుగు రోజులు వంటింట్లో గరిటెతో సాధన చేశాను. ఐదోరోజు సాయంత్రం ‘లైటు లేదు’ అని రాద్దామని స్తంభం కింద నిలబడ్డాను. ‘ల’కి ఐత్వం తగిలించి, ‘ట’కి కొమ్ము తిప్పి, తీరిగ్గా వస్తుంటే కెమెరా టక్కుమంది. ముప్ఫై సెకన్లు అయిపోయాయి! అయితేనేం, ఆ ఐత్వం మెలిక చూడాలి మీరు! దాన్ని చూసి మురిసిపోతూ, మిగతాదేం చూడకుండా ఆన్‌లైన్లో ఫిర్యాదుకి జతచేసి పంపేశాను.

మర్నాడు పొద్దున్నే జవాబు! ఎనిమిది నెలల్లో ఆ ఆఫీసునుంచి వచ్చిన మొట్టమొదటి జవాబు. “మీరు పంపిన ఫొటోలో లైటు స్పష్టంగా కనబడుతోంది. ఫిర్యాదు ముగించడమైనది.”

వాళ్లని మాత్రం ఏమనగలం? మన భాషలో వస్తువు ముందొస్తుంది, అది లేదన్న మాట చివర్నొస్తుంది. చివరిదాకా వినే ఓపిక నా కెమెరాకే లేదు, ఆఫీసుకెక్కడిది?

రెండోసారి తెలివిగా ‘లేదు’ ముందు రాశాను. ఏత్వం దగ్గర చెయ్యి తడబడి, ‘లైటు’ మొదలుపెట్టేలోపే మళ్లీ టక్కు! పోనీలే, ఆరిన దీపం కింద ‘లేదు’ అని ఉంటే ఏం లేదో ఎవరికైనా అర్థమవుతుంది కదా అని పంపాను. జవాబు ఈసారి మధ్యాహ్నానికే వచ్చింది. “సమస్య: లేదు. ఈ విషయం ఫిర్యాదుదారే స్వయంగా ధ్రువీకరించారు.”

అక్క సెలవు అయిపోయింది. డ్యూటీకి వెళ్లింది. ఆ సాయంత్రం ఏడున్నరకి కెమెరా ఇంట్లోనే వదిలేసి, టార్చి పట్టుకుని గుంత పక్కన నిలబడ్డాను. ఏమీ గీయలేదు. వెలుగు గుంత అంచుమీద పడేట్టు పట్టుకున్నానంతే. అక్క కుంటుకుంటూ వచ్చి, నా చెయ్యి పట్టుకుని దాటింది. ఆమె రెండో కాలు ఇవతల పడేదాకా టార్చి వెలుగుని అంచుమీంచి కదలనివ్వలేదు.

“ఇవాళ ఫొటో లేదా?” అంది.

“చెయ్యి కదపకూడదక్కా” అన్నాను.

అప్పటినుంచి రోజూ నాకిదే డ్యూటీ. నిలబడి నిలబడి ఒక ఆలోచన వచ్చింది. ఈ రకం ఫొటోలో కదిలేవాళ్లు పడరు, కదలనివాళ్లే చక్కగా పడతారు కదా! ఎనిమిది నెలలపాటు షట్టర్ తెరిచి ఉంచే కెమెరా మీలో ఎవరి దగ్గరైనా ఉంటే కాస్త అరువివ్వండి. అందులో మా అక్క పడదు. నేను పడను. ఈ వీధిలో తడుముకుంటూ నడిచేవాళ్లెవరూ పడరు. స్తంభం పడుతుంది, గుంత పడుతుంది. అదే కెమెరాని వీధి దీపాల ఆఫీసు గుమ్మంలో పెడితే అక్కడి పెద్దలు కూడా, కుర్చీలతో సహా, వెంట్రుక చెదరకుండా పడతారు!