అవయవాల పంపకం

ఇకపై ప్రభుత్వం ఇంగ్లీషు జాతీయాల్లోనే మాట్లాడుతుందనీ, అందులోనూ శరీరావయవాలున్న జాతీయాలకే పెద్దపీట అనీ విద్యామంత్రిగారు ప్రకటించారు. మనల్ని ఏలేవారికి ఇంతటి ముందుచూపు ఉండడం మన పూర్వజన్మ సుకృతం.

కారణం లేకపోలేదు. అంతకుముందు సభలో ప్రతిపక్ష నాయకుడు లేచి, మంత్రిగారికి 'కోల్డ్ ఫీట్' వచ్చాయన్నాడు. జంకారని దానర్థం. మంత్రిగారు కరిగిపోయి, "మీ అభిమానానికి థాంక్సండీ, మేజోళ్ళు వేసుకునే వచ్చాను" అన్నారు. సభ ఇంకా నవ్వుతూనే ఉంది.

దాంతో పీఏ ఊరంతా గాలించి, ఆయనకు జాతీయాలు నేర్పడానికి ఒక టీచరమ్మను పట్టుకొచ్చాడు. ఆవిడ ప్రభుత్వ బడిలో కాంట్రాక్టు మీద ఇంగ్లీషు చెబుతోంది. నెలాఖరుకి ఆ కాంట్రాక్టు కాస్తా అయిపోతుంది. తర్వాత ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

"సార్‌కి నోరు తిరిగేలా చెయ్యండి చాలు. పర్మనెంట్ ఆర్డరు మీ ఇంటికి నడిచొస్తుంది" అన్నాడు పీఏ. ఈ మాట విని అత్తగారు ఆ సాయంత్రం తొలిసారి కోడలికి తానే టీ పెట్టి ఇచ్చింది.

సంగతి తెలిస్తే మిగతా మంత్రులు ఊరుకుంటారా? మా వాటా ఏదంటూ పార్టీ ఆఫీసులో బైఠాయించారు. ఒక్కో మంత్రికి ఒక్కో అవయవం, దాని జాతీయాలన్నీ ఆయనవే అంటూ సీనియారిటీ ప్రకారం పంపకం మొదలైంది. తల పెద్దాయనకు వెళ్ళింది. నాలుక ప్రచార శాఖ పట్టుకుపోయింది. పాదం వచ్చిన పశుసంవర్ధక మంత్రి కుర్చీ తన్ని లేచాడు.

"మేమంటే మీకు కాలికిందే కదా!"

"అలా కాదండీ," అని టీచరమ్మ నచ్చజెప్పబోయింది. "బెస్ట్ ఫుట్ ఫార్వర్డ్ అంటే శక్తికొద్దీ పనిచేసి చూపించడమని."

"పనిచెయ్యాలా? అయితే అసలే వద్దు!"

చివరికి మడమలు కూడా కలిపిస్తే శాంతించాడు. వెన్నెముక ఎవరూ అడగలేదు.

విద్యామంత్రిగారి వాటాకి చెవులొచ్చాయి. 'ఐ యామ్ ఆల్ ఇయర్స్' అంటే ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటున్నానని. బడి కప్పు కూలిందని తల్లిదండ్రులు మొరపెట్టుకోవడానికొస్తే, ఆ ముక్క గంట కొట్టినట్టు పలికి, వాళ్ళు నోరు విప్పేలోగా కారెక్కేశారు. కార్యకర్తలు చప్పట్లతో హోరెత్తించారు.

"అది అన్నాక వినాలండీ" అని టీచరమ్మ పీఏ దగ్గర గొణిగింది.

"వినడం సిలబస్‌లో లేదు కదమ్మా" అన్నాడు పీఏ.

నెలాఖరు రానే వచ్చింది. టీచరమ్మ గుండె చిక్కబట్టుకుని మంత్రిగారి గదిలోకి వెళ్ళింది. ఉత్త చేతులతో ఇంటికెళితే అత్తగారి ముఖం ఎలా చూడాలోనని ఒకటే భయం.

"సార్, నా ఆర్డరు..."

ఆర్డరు ఆయన ముందే ఉంది. పెన్ను మూత కూడా తీసే ఉంది. మంత్రిగారు ఆవిడ వంక ఎంతో జాలిగా చూశారు.

"మై హ్యాండ్స్ ఆర్ టైడ్" అన్నారు.

చెయ్యాలని ఉన్నా చేసే వీలు లేదని. అర్థం సరిపోయింది, సందర్భం సరిపోయింది, ఉచ్చారణ కూడా ఎక్కడా తడబడలేదు. టీచరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఇన్నేళ్ళ అలవాటు కదా, నోరు ఊరుకోలేదు.

"కరెక్టేనండీ."

మంత్రిగారి ముఖం చేటంతయింది.

"విన్నావటయ్యా పీఏ! ఇది నాకు ఎవరూ నేర్పలేదు!"