చేపల చెరువుకు ప్రశాంతత మంజూరు

నగరానికి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చేపల చెరువును ప్రశాంత ప్రదేశంగా ప్రకటించే సభకు నాలుగు వేలమంది వచ్చారు. సభ జయప్రదంగా జరిగింది. పక్క ఊరివాళ్లు ఇళ్లలో కూర్చునే మొత్తం విన్నారు.

ఈ ఘనత శబ్ద ఫిర్యాదుల విభాగంలో పనిచేసే గుమాస్తాది. ఆయన పద్దెనిమిదేళ్లుగా ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే ఫోన్ ఎడమ చెవికి ఆనించుకుని, పక్కింటి కుక్క గురించీ, ఎదురింటి డ్రిల్లింగ్ గురించీ, పై అంతస్తులో ఎవరో కుర్చీలు జరపడం గురించీ వింటున్నాడు. చప్పుడు మీద ఫిర్యాదు చేసేవాళ్లు సాధారణంగా అరిచి చేస్తారు. రెండేళ్ల కిందట ఆ చెవిలో హోరు మొదలైంది. చెవుల డాక్టరు పరీక్షించి, వారానికి ఒక పూటైనా చప్పుడు లేని చోట గడపమన్నాడు. లేకపోతే చెవి పోతుందన్నాడు. మందు రాయలేదు.

అలాంటి చోటు కోసం గుమాస్తా నాలుగు నెలలు తిరిగాడు. పార్కులో ఆరోగ్యం కోసం గుంపుగా నవ్వేవాళ్లున్నారు. గ్రంథాలయంలో నేల పగలగొడుతున్నారు. చివరికి చెరువు దొరికింది. దాని యజమాని ముప్పై ఏళ్లు లారీ తోలి, ఆ లారీ అమ్మేసి, పొలంలో గుంట తవ్వించి చేపపిల్లలు వదిలిన మనిషి. బయట టీ, బిస్కెట్లకయ్యే ఖర్చుతో ఆయన దగ్గర పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గాలం వేసుకోవచ్చు. బోర్డు లేదు. షరతు ఒక్కటే, మాట్లాడకూడదు. ఆదివారాలు ఏడుగురు వచ్చేవాళ్లు. ఏడుగురికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. గుమాస్తా నీళ్ల మీది బెండు వైపు చూస్తూ కూర్చునేవాడు. పదింటికల్లా హోరు తగ్గేది. పదకొండింటికి చేప తోక నీళ్లను కొట్టిన చప్పుడు ఎడమ చెవికి వినబడేది.

ఇలా ఏడాదిన్నర గడిచాక, చెరువు పక్క స్థలంలో వేడుకల హాలు కడతారని కబురొచ్చింది. ఇంకొకరైతే దిగులుపడేవారు. గుమాస్తాకు నిబంధనలు కంఠతా వచ్చు. ప్రశాంత ప్రదేశంగా ప్రకటించిన చోటికి రెండు వందల మీటర్ల లోపు వేడుకల హాలు కట్టకూడదు. ఆ ఆదివారం షరతు తప్పి యజమానితో మాట్లాడాడు.

"అర్జీ పెడతాను బాబాయ్. ఒక్క కాగితంతో అయిపోతుంది."

"వద్దయ్యా. ఈ గుంట ఒకటుందని ఎవడికీ తెలీదు. అందుకే బాగుంది."

"తెలీకపోతే ఎవరు కాపాడతారు?"

"ఎవర్నుంచి?"

ఈ ప్రశ్నకు నిబంధనల్లో జవాబు లేదు. గుమాస్తా అర్జీ పెట్టాడు.

విభాగం అసాధారణమైన వేగంతో కదిలింది. పదో రోజుకే పై అధికారి, ఇద్దరు సహాయకులు, శబ్దాన్ని కొలిచే యంత్రం జీపులో చెరువు గట్టుకు చేరారు. యంత్రం పెట్టారు. ముల్లు కదల్లేదు. ఫారంలో శబ్ద పరిమాణం అనే గడి ఖాళీగా వదలకూడదు. సున్నా వేయకూడదు. సున్నా వేస్తే యంత్రం చెడినట్టు లెక్క, దానికి వేరే ఫారం ఉంది. అధికారి కాసేపు ఆలోచించి జీపు స్టార్ట్ చేయించాడు. ముల్లు లేచింది. ఆ అంకె ఆ చెరువు సహజ నిశ్శబ్దంగా నమోదైంది. ఫారం నింపింది గుమాస్తాయే. ఆయన దస్తూరీ బాగుంటుంది.

తరువాత సభ. అధ్యక్షత వహించిన పెద్దమనిషి పక్క స్థలంలో హాలు కట్టబోతున్నవాడే. ప్రశాంతతకు ఆయన అందిస్తున్న సహకారానికి శాలువా కప్పారు. పై అధికారి నలభై నిమిషాలు మాట్లాడాడు.

"చప్పుడు దానంతటదే వస్తుంది. నిశ్శబ్దాన్ని మనం తేవాలి. తెచ్చాం. దశలవారీగా ఇంకా తెస్తాం. ఈ శుభ సందర్భంలో అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలని కోరుతున్నాను."

కొట్టారు. చేపలు అడుగుకు దిగిపోయాయి, మళ్లీ పైకి రాలేదు.

ప్రకటించిన చోట బోర్డు ఉండాలి. బోర్డుకు దీపాలు ఉండాలి. అక్కడికి కరెంటు లేదు కనుక జనరేటర్ వచ్చింది. జనం వచ్చారు కనుక కాపలావాళ్లు వచ్చారు. మాట్లాడేవాళ్లను వాళ్లు ఈలలు ఊది హెచ్చరిస్తారు. ఈలలు వినబడటం లేదని మైకు పెట్టారు. నిశ్శబ్దం పాటించాలని అందులో ఒక ఆడగొంతు ప్రతి ఐదు నిమిషాలకూ వేడుకుంటుంది. వచ్చినవాళ్లకు గాలాలు ఉన్నాయి, చేపలు పడవు. విభాగం వాళ్ల కోసం తొట్టిలో ఒక చేపను ఉంచింది. వరసలో నిలబడి, దాన్ని గాలానికి తగిలించుకుని, ఫోటో దిగి, తరువాతివాళ్లకు అందించాలి. చేపను రెండు గంటలకోసారి మారుస్తారు. మనుషులు మాత్రం మారరు, మళ్లీ వరసలో నిలబడతారు.

హాలు కూడా లేచింది. ప్రకటిత ప్రదేశానికి వచ్చే సందర్శకుల సౌకర్యార్థం కట్టే కట్టడాలకు ఆ రెండు వందల మీటర్ల నిబంధన వర్తించదు. ఈ సంగతి గుమాస్తాకు తెలుసు. అర్జీ రాసేటప్పుడు గుర్తు రాలేదు.

పాత ఏడుగురిలో ఆరుగురు రావడం మానేశారు. గుమాస్తా వస్తూనే ఉన్నాడు. ఒక ఆదివారం జనరేటర్ కాసేపు ఆపమని కాపలామనిషిని బతిమాలాడు. అతను పుస్తకం తెరిచి నమోదైన అంకె చూపించాడు. జనరేటర్ చప్పుడు అంతకంటే తక్కువే. అంటే జనరేటర్ నడుస్తున్నా చెరువు మునుపటికన్నా ప్రశాంతంగా ఉన్నట్టే. దస్తూరీ ఎవరిదోగానీ ముత్యాల్లా ఉందని కూడా అన్నాడు.

యజమాని చెరువు విభాగానికి అప్పగించేసి, ఎవరిదో లారీ తోలడానికి వెళ్లిపోయాడు. బయల్దేరేముందు గుమాస్తా భుజం మీద చెయ్యి వేశాడు.

"లారీలో కూర్చుంటే కాస్త ప్రశాంతంగా ఉంటుందయ్యా."

ఆ నెలాఖరుకు గుమాస్తా ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఫోన్ కుడి చెవికి మార్చుకున్నాడు.

ఇక ఊరుకోకూడదనుకున్నాడు. చెరువు దగ్గరి జనరేటరూ, మైకూ, ఈలలూ, హాలూ వేటినీ వదలకుండా చెవి పోయిన సంగతితో సహా ఇంటి దగ్గర కూర్చుని రెండు పేజీల ఫిర్యాదు రాశాడు. పౌరుడిగా రాశాడు, తపాలాలో వేశాడు. నాలుగో రోజు అది ఆయన బల్ల మీదికే వచ్చింది. గుమాస్తా చదివాడు. బాధ నిజమైనదే. అయినా నిబంధన స్పష్టంగా ఉంది. పద్దెనిమిదేళ్లలో ఆయన ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. తనకు ఇచ్చుకుంటే పక్షపాతం అవుతుంది. "ప్రశాంత ప్రదేశంగా ప్రకటించిన చోట శబ్దం ఉండే అవకాశం లేనందున తమ ఫిర్యాదు తిరస్కరించడమైనది" అని రాసి, సంతకం చేసి, పంపించాడు.

జవాబు ఇంటికి వచ్చిన రోజు భార్య విప్పింది. కుడివైపు వచ్చి నిలబడి, పైకి చదివి వినిపించింది.

"చెవి పోయిందని రాస్తే చప్పుడే లేదంటాడేంటండీ? ఎవరీ మహానుభావుడు?"

"రూలు ప్రకారం సరిగ్గానే రాశాడు," అన్నాడు గుమాస్తా. మడత పెట్టి సొరుగులో వేశాడు.

ఇలాంటి ఉత్తరం మీ సొరుగులోనూ ఒకటి ఉండే ఉంటుంది. తీసి కింద సంతకం చూడండి. మీది కాదనిపిస్తే, వెలుతురులోకి తెచ్చి మరోసారి చూడండి.