ఎలుగమ్మ తేనె కొట్టూ, సంఘం వారి పాస్‌వర్డు ఆవిష్కరణా

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే చెట్టుకో సంఘమూ సంఘానికో అధ్యక్షుడూ ఉన్నంత పెద్ద అడవిలో, జాంబాయమ్మ అనే ఎలుగుబంటి తేనె కొట్టు నడుపుకునేది.

కొట్టు పెట్టింది వాళ్ళమ్మ. ఆవిడ పేరు ఎలుగమ్మ. కొట్టు పేరు కూడా అదే, ‘ఎలుగమ్మ తేనె’. ఆ మహాతల్లి తేనెలో పాకం కలపడం మాట దేవుడెరుగు, వాన కురిసిన రోజున తేనెపట్టు ముట్టుకునేది కూడా కాదు, చెమ్మ చేరి తేనె పులుస్తుందని. ఆవిణ్ణి కుట్టిన తేనెటీగలు సైతం ఆవిడ గురించి చెడ్డమాట అనలేదు. పోతూ పోతూ కూతురికి ఆస్తులేమీ ఇవ్వలేదు. "పేరు చెడగొట్టకే అమ్మా" అని మాత్రం చెప్పి పోయింది.

ఆ అడవిలో బేరమంతా వాసన మీద నడిచేది. వచ్చినవాడు కుండలో ముక్కు పెట్టేవాడు, తర్వాత కొట్టువాడి మెడ దగ్గర ముక్కు పెట్టేవాడు, రెండూ నచ్చితే కొనేవాడు. అంగడి వీధికి కంప్యూటర్లు వచ్చాక ఆ ముచ్చట పోయింది. పైకొండల్లో ఉన్నవాళ్ళు కూడా ‘వన అంగడి’ అనే నెట్టు సంతలో చూసి సరుకు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. కంప్యూటరులో ముక్కు పెడితే దుమ్ము తప్ప ఇంకేం తగులుతుంది? అందుకని వాళ్ళు పేరు చూసి కొనేవారు.

జాంబాయమ్మ పంజా ఒక్కసారి పడితే కీబోర్డులో సగం బటన్లు నొక్కుకుపోయేవి. అందుకని పుల్లతో ఒక్కో అక్షరమే పొడుచుకునేది. అయినా బుద్ధిమంతురాలు కాబట్టి తన కొట్టుకి తనే ఒక పాస్‌వర్డు పెట్టుకుంది, పొడుగ్గా, ఎవరికీ తట్టనిది. అదేమిటో నాకు చెప్పలేదు, మీకూ అక్కర్లేదు.

ఇలా ఉండగా ఏదుపంది వేరుశెనగల కొట్టుకి దెబ్బ తగిలింది. ఎవడో దాని నెట్టు కొట్టులోకి దూరి, దాని పేరుతోనే ఆర్డర్లు తీసుకుని, వేరుశెనగలకి బదులు గులకరాళ్ళు పంపాడు. పాపం ఒక ముసలి కుందేలుకి ఉన్న పళ్ళు కూడా ఊడాయి. వీధి వీధంతా గగ్గోలెత్తిపోయింది. వర్తక సంఘం అధ్యక్షుడు నెమలి నీలకంఠంగారు అత్యవసర సమావేశం పిలిచారు. అత్యవసరం కాబట్టి మంచి రోజు చూసి మరీ పెట్టారు.

"ఏదో వైరస్ అంటున్నారు. మిరియాల కషాయం పోస్తే తగ్గదా?" అని అడిగింది అడవిదున్న. దానిది గడ్డిమోపుల వ్యాపారం.

"కంప్యూటరుకా పొయ్యడం?"

"అబ్బే, నడిపేవాళ్ళకి."

ఆ సలహాని పరిశీలనలో పెట్టారు. ఏదుపంది తన కంప్యూటరుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టానంది. దెబ్బ తగలక ముందు కట్టావా, తగిలాక కట్టావా అని ఎవరూ అడగలేదు.

అప్పుడు కాకి ఘంటయ్య లేచాడు. వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే బడ్డీ అతనిది. నోరు మంచిది కాదు. తన కంప్యూటరు అప్‌డేటు అడిగిన ప్రతిసారీ ‘రేపు’ అని నొక్కి, చివరికి ఉన్నదంతా పోగొట్టుకున్న ఘనుడు.

"వినండెహె. నేను దెబ్బ తిన్నాను గనక చెబుతున్నాను. ఎవరి పాస్‌వర్డు వాళ్ళు పెట్టుకోండి. పొడుగ్గా పెట్టుకోండి. ఒకచోట పెట్టింది ఇంకోచోట పెట్టొద్దు. కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పొద్దు. సెల్లుకి వచ్చే ఓటీపీ సాక్షాత్తూ సింహం ఫోన్ చేసి అడిగినా చెప్పొద్దు. కొట్టు ఫొటోలూ కాయితాలూ ఇంకో కాపీ తీసి వేరే దాచుకోండి. అప్‌డేటు అడిగితే వేసి చావండి. అంతే. టీ ఏదీ?"

ఇంత చిన్న ఉపన్యాసంలో విషయం ఉంటుందని సభలో ఎవరికీ నమ్మకం కలగలేదు.

"పెళ్ళానికి కూడా చెప్పొద్దంటాడేమిటండీ! సంసారాలు కూల్చే మాట" అంది అడవిదున్న.

నీలకంఠంగారు పింఛం సవరించుకున్నారు. "ఘంటయ్యగారి ఆవేశం అర్థం చేసుకోదగ్గదే. కానీ మనలో మనకి దాపరికాలా? మన అడవి సంప్రదాయమేనా ఇది?"

కాదు మరి. ఆ అడవిలో ఎవరింట ఏం వండారో, ఎవరి కడుపున ఏం పడిందో వీధికంతా తెలియాలి. దాచుకునేవాణ్ణి దొంగ అనేవారు. అసలు దొంగ దాచుకునేవాడు కాదు కాబట్టి వాణ్ణి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

"అందుచేత, వీధి మొత్తానికీ ఒకటే పాస్‌వర్డు! ఐకమత్యమే మన తాళం! ఒకరు మర్చిపోతే పక్కవాడు చెబుతాడు. దీన్ని ఘనంగా ఆవిష్కరించుకుందాం" అన్నారు నీలకంఠంగారు. చప్పట్లు మోగిపోయాయి.

"పాస్‌వర్డుని ఆవిష్కరిస్తారా?" అన్నాడు ఘంటయ్య. "ఓరి మీ తెలివి తెల్లారా!"

"మీ ముక్కు మీద కోపం మాకు తెలుసు, కూర్చోండి" అన్నారు నీలకంఠంగారు.

ఆ అడవిలో ఆవిష్కరించకుండా ఏదీ మొదలయ్యేది కాదు. గుంట తవ్వితే గుంటని ఆవిష్కరించేవారు, పూడిస్తే పూడ్చినదాన్ని ఆవిష్కరించేవారు. పాస్‌వర్డు మాత్రం తక్కువ తిందా? మైదానంలో పందిరి వేశారు. ముఖ్య అతిథిగా ఏనుగుగారిని పిలిచారు. ప్రార్థన గీతానికి కోకిల వసంతని పిలిచారు. అబ్బ, ఏం గొంతండీ! విన్నవాడు ఇంటికి తాళం వెయ్యడం మర్చిపోవాల్సిందే.

"ఇదా? నా గూట్లో గుడ్డు పెట్టిపోతే నా బిడ్డే అనుకుని పెంచాను. అప్పుచేసి పెళ్ళి కూడా చేశాను. పెళ్ళిపీటల మీద పాట పాడేదాకా తెలియలేదు" అన్నాడు ఘంటయ్య పక్కన కూర్చున్న జాంబాయమ్మతో.

"ఊరుకో ఘంటయ్యా, పాత పగలు సభలోనా" అంది ఆవిడ.

ఏనుగుగారు తొండంతో తెర లాగారు. వెనక పందిరంత ఫ్లెక్సీ. దాని మీద ఒక పక్క నీలకంఠంగారి నిలువెత్తు ఫొటో, మధ్యలో అడవి ఆ చివరికి కనిపించేంత అక్షరాల్లో సంఘం వారి రహస్య పాస్‌వర్డు: నీలకంఠంజిందాబాద్123. కింద ‘అతి రహస్యం’ అని కూడా రాయించారు. అందరూ దానిముందు నిలబడి ఫొటోలు దిగి నెట్టులో పెట్టుకున్నారు. కోకిల వసంత రెండు ఫొటోలు దిగింది, ఒకటి సరిగా రాలేదని.

మర్నాటి నుంచి సంఘం కార్యకర్తలు కొట్టు కొట్టుకీ తిరిగారు. జాంబాయమ్మ దగ్గరికొచ్చేసరికి ఆవిడ నసిగింది. "నాది నాకుందిగా నాయనా. మార్చకపోతే ఏం?"

"అంటే సంఘమంటే మీకు నమ్మకం లేదా జాంబాయమ్మగారూ?" అని అడిగారు నీలకంఠంగారు స్వయంగా వచ్చి. అప్పటికే పక్క కొట్లవాళ్ళు గుమ్మాల్లోకొచ్చి చూస్తున్నారు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఇంతకాలం ఎవరిచేతా మాట పడని కొంప. అందరి ఎదురుగా పుల్ల తీసుకుని, తన పాస్‌వర్డు చెరిపేసి, సంఘం వారిది పొడిచింది. చప్పట్లు కొట్టి ‘సురక్షిత వర్తకురాలు’ అని ఒక పత్రం ఇచ్చారు. దాన్ని గోడకి తగిలిస్తుంటే మనసులో ఏదో పీకుతూనే ఉంది. ఆ పీకుడుకి తట్టుకోలేక ఘంటయ్య చెప్పినవాటిలో ఒకటి మాత్రం చేసింది. కొట్టు ఫొటోలూ కాయితాలూ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి తేనెకుండ వెనక దాచింది. ఎవరికీ చెప్పక్కర్లేని పని అదొక్కటే.

పాస్‌వర్డు తెలిసినంత మాత్రాన కొట్టు చేజిక్కదు. కొత్త కంప్యూటరు నుంచి దూరబోతే వన అంగడి వారు కొట్టు యజమాని సెల్లుకి ఓటీపీ పంపుతారు. అది రెండో తాళం. ఒక మధ్యాహ్నం జాంబాయమ్మ తిని నడుం వాల్చబోతుంటే సెల్లు మోగింది.

"అక్కా, బాగున్నారా? సంఘం ఆఫీసు నుంచండీ. భోంచేశారా?"

ఎంత తియ్యటి గొంతు! సభలో ప్రార్థన పాడిన గొంతులాగే ఉంది. అయితే సంఘం వాళ్ళే, సందేహమేముంది, అనుకుంది జాంబాయమ్మ. "చేశానమ్మా. నువ్వు తిన్నావా?"

"మీలాంటివాళ్ళు అడిగారు, అదే చాలక్కా. ఉత్తమ వర్తకురాలిగా మీకు శాలువా మంజూరైంది. ఇప్పుడు మీ సెల్లుకి ఒక నంబరు వచ్చుంటుంది, అది చెబితే సరి."

సింహం అడిగినా చెప్పొద్దన్న మాట ఆవిడకి గుర్తురాకపోలేదు. వచ్చింది. కానీ అడిగింది సింహం కాదు, భోంచేశారా అని అడిగిన పిల్ల. అంత మర్యాదగా అడిగినదాన్ని పట్టుకుని నువ్వెవరివి అనడం ఎలా? ఆ అడవిలో పుట్టినవాళ్ళకి అది చేతకాదు. నంబరు చెప్పేసింది. "జాగ్రత్తక్కా, ఇది ఇంకెవరికీ చెప్పకండి" అని హెచ్చరించి మరీ ఫోన్ పెట్టేసింది అవతలి పిల్ల.

సాయంత్రానికి జాంబాయమ్మ తన కొట్టులోకి తాను వెళ్ళలేకపోయింది. వారం తిరిగేసరికి వీధిలో ఏ కొట్టూ మిగల్లేదు. అన్ని కొట్లకీ తాళం ఒకటే, అందరికీ శాలువా కావాల్సిందే. నీలకంఠంగారి అద్దాల దుకాణమైతే మొట్టమొదటే పోయింది. సంగతి ఆయనకి తెలియలేదు. తన పాస్‌వర్డు పనిచెయ్యకపోతే తన కీర్తి పెరిగి అది బరువెక్కిందనుకున్నారు.

ఎలుగమ్మ పేరుతో పైకొండలకి బెల్లం పాకం వెళ్ళడం మొదలైంది. ఒక కుండ కొంటే ఇంకో కుండ ఉచితం. కుండ మీద వాళ్ళమ్మ ఫొటో.

ఒకరోజు పైకొండ నుంచి ముసలి కొండముచ్చు ఒకటి కుండ చంకనబెట్టుకుని దిగొచ్చింది. కొట్టుముందు కుండ దించి జాంబాయమ్మ మొహంలోకి చూసింది. "మా అమ్మ దగ్గుకి మీ అమ్మ తేనే మందు. ఈసారి పట్టిస్తే ఆయాసం ఎక్కువైంది. కుండలో ముక్కు పెట్టి చూశాను. పాకం! ఎలుగమ్మ కూతురివి, నీకిదేం పోయేకాలమే?"

"నేను కాదయ్యా, నా ఒట్టు. నా కొట్టు ఎవరో ఎత్తుకుపోయారు" అంది జాంబాయమ్మ.

"కొట్టు ఇక్కడే ఉందిగా" అని కొండముచ్చు చుట్టూ చూసి, కుండ అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

జాంబాయమ్మ ఆ కుండ ముందు కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. అప్పుడు పోయింది అమ్మ ఒక్కతే.

ఘంటయ్య వచ్చాడు. నేను చెప్పలేదా అని తిట్టడానికే వచ్చాడు గానీ, ఆవిడని చూసి కుండ పక్కకి జరిపి కూర్చున్నాడు. "కాయితాలేమైనా దాచావా అక్కా?" అన్నాడు. పెన్‌డ్రైవు తీసిచ్చింది. పాత ఫొటోలూ, కొట్టు అనుమతి కాయితమూ వన అంగడి వారికి పంపి, పోట్లాడి, నోటికొచ్చినట్టు తిట్టి, చివరికి కొట్టు తిరిగి తెప్పించాడు. "ఇప్పుడు కొత్త పాస్‌వర్డు పెట్టు. నేను అటు తిరుగుతాను" అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

జాంబాయమ్మ ప్రాణం లేచొచ్చింది. స్వయంగా అడవంతా తిరిగి, మంచి పట్టు చూసి, వాళ్ళమ్మ పిండినట్టే పిండి, పైకొండలకి అసలు తేనె పంపింది. జవాబులకోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది.

జవాబులు వచ్చాయి. పాతవాళ్ళవి కావు, వాళ్ళు పాకం తాగిననాడే దండం పెట్టి వెళ్ళిపోయారు. రాసినవాళ్ళందరూ ఉచిత కుండ చూసి చేరినవాళ్ళు.

"తేనె రంగు మారింది. మునుపటి తీపి లేదు. గొంతులో ఘాటు తగులుతోంది. కల్తీ మొదలుపెట్టారా? ఎలుగమ్మగారే ఉంటే ఇలా పంపేవారా?"

జాంబాయమ్మ దాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుంది. తర్వాత నీలకంఠంగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన తీరిక లేకుండా ఉన్నారు. కొత్త పాస్‌వర్డు ఆవిష్కరణకి ఈసారి ఇంకా పెద్ద ఫ్లెక్సీ చేయిస్తున్నారు. పక్క కుర్చీలో సంఘం వారి సైబర్ భద్రతా సలహాదారు కూర్చుని ఉంది, కోకిల వసంత.

"ఈవిడా!" అంది జాంబాయమ్మ.

"మరి? వీధిలో అందరి పాస్‌వర్డులూ తెలిసిన అనుభవం ఇంకెవరికుందండీ" అన్నారు నీలకంఠంగారు.

"అక్కా, భోంచేశారా?" అంది వసంత ఆప్యాయంగా. "ఎందుకక్కా ఈ చాదస్తం? కొనేవాడు దేవుడు. దేవుడు పాకం అడుగుతుంటే తేనె పోస్తారా? కావాలంటే తయారుచేసే పద్ధతి నేను చెబుతాను. మీ అమ్మగారి పేరు నిలబెట్టినదాన్నవుతాను."

జాంబాయమ్మ ఇంటికొచ్చింది. వన అంగడిలో తన కొట్టు తెరిచి, పేరులోంచి ‘ఎలుగమ్మ’ తీసేసింది. వట్టి ‘తేనె’ అని ఉంచింది. ఆ తర్వాత దానికి ఆర్డర్లు రాలేదు. ‘ఎలుగమ్మ’ పేరు ఖాళీగా ఉందని తెలిసి, ఆ సాయంత్రమే ఎవరో చక్కగా, చట్టప్రకారం తీసుకున్నారు.

నీతి: పాస్‌వర్డు దొంగ చేతిలో పడినా పడనివ్వండి గానీ, ఆ దొంగ మనకంటే మంచి వ్యాపారి కాకుండా చూసుకోండి.